ధ్వనిముద్రిక - పాఠసాక్ష్యము
అడ్డతీగల మన్యమును పురస్కరించుకొని ఒక విమర్శ

ప్రాచీన కావ్యమును పరిష్కరించు పండితుడు మొదట అడుగు ప్రశ్న యొకటియే: ఏ ప్రతులు లభించుచున్నవి? తాళపత్రమైనను, కాగితపు వ్రాతప్రతియైనను, ముద్రితప్రతియైనను అతడు దేనిని త్రోసిపుచ్చడు. ఒక ప్రతిలో నున్న పాఠము వేరొక ప్రతిలో లేకపోవచ్చును. చెదలు తిన్న ప్రతియందే ఒక్కొక్కప్పుడు కవి వ్రాసిన మాట నిలిచియుండవచ్చును. బ్రౌను దొర వేమన పద్యముల ప్రతులను పలుచోట్లనుండి కూర్చి, సరిచూచి, 1829లో ప్రకటించుట ఈ నియమమును నమ్మియే. కాని దీనిని మనము వ్రాతకు మాత్రమే వర్తింపజేసితిమి. పాడబడుటకై పుట్టిన వాఙ్మయము, అనగా రంగస్థల పద్యము, జానపద గేయము, కీర్తన మున్నగునవి పరిశీలనకు వచ్చినపుడు, కంఠమును నిలిపియుంచిన గ్రామఫోను రికార్డును ఒక ప్రతిగా లెక్కించు అలవాటు మనలో నింకను స్థిరపడలేదు.

పాత రికార్డులను దాచుట యెందులకు అని యడుగువారికి సాధారణముగా చెప్పబడు సమాధానములు మూడు. వానిలోని నాదము నేటి యంత్రముల నాదము కంటె మధురమని కొందరందురు. అవి అరుదైనవి గనుక విలువ గలవని కొందరందురు. పెద్దల కాలపు జ్ఞాపకములని మరికొందరందురు. ఈ మూడును అభిరుచికి సంబంధించినవి. అభిరుచి తప్పు కాదు. కాని ఒక తరముతో అభిరుచి మారగానే ఆ పెట్టె పాత సామానుల బండి కెక్కును. అదే పాట నేడు చేతిలోని ఫోనులో వినవచ్చుచుండగా ఈ బరువును మోయనేల అను ప్రశ్నకు పై మూడు సమాధానములును నిలువవు.

పరిశోధకునకు కావలసిన కారణము వేరు. రికార్డు మూలప్రతి. దానినుండి తీసిన నకలు, ఎంత శ్రద్ధతో చేసినదైనను, ఒక పఠనము మాత్రమే. మూలము పోయిన పిమ్మట ఆ పఠనములో దొరలిన పొరపాటును దిద్దుటకు ఆధార ముండదు. ఈ సూత్రము మైదానపు నాటక పద్యముల విషయమున ఎంత నిజమో, వ్రాత లేని మన్యపు పాట విషయమున అంతకు పెక్కు రెట్లు నిజము. కావున ఈ విచారణను రంగస్థలముతో ప్రారంభించి, తూర్పు కనుమలలోని అడ్డతీగల ప్రాంతముతో ముగించుట ఉచితము.

ముద్రిక పుట్టుక

ఎడిసన్ 1877లో ధ్వనిని తిరుగుడు గొట్టముపై నిలిపెను. బెర్లినర్ 1887లో దానికి మారుగా చదునైన పళ్లెమును కల్పించెను. ఒక అచ్చునుండి వేలకొలది ప్రతులను ఒత్తుటకు పళ్లెము అనుకూలమైనది. వ్రాతప్రతినుండి అచ్చుపుస్తకమునకు మారినపుడు గ్రంథమునకు కలిగిన వ్యాప్తియే దీనితో కంఠమునకును కలిగెను. 1902 నవంబరులో గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలగువారి పాటలను ముద్రించుకొని పోయెను. ఆ పళ్లెములు జర్మనీ దేశమునందలి హానోవరులో ఒత్తబడి మరల ఇచ్చటికి వచ్చినవి. 1908లో కలకత్తాలోని సియాల్దాలోనే రికార్డులను ఒత్తు కర్మాగారము వెలసినది.

ఈ పళ్లెములు దేనితో చేయబడినవో గమనింపవలెను. 1948లో అమెరికాలో వినైలుతో చేసిన దీర్ఘవాదన రికార్డు వెలువడువరకు, మన దేశమున అటుపిమ్మటను కొంతకాలము వరకు, రికార్డునకు ముఖ్యద్రవ్యము లక్క. మోదుగ, రేగు మున్నగు చెట్ల కొమ్మలపై లక్కపురుగు స్రవించు జిగురును ఛోటానాగపూరు మొదలగు అడవులలోని గిరిజనులు కొమ్మలనుండి గీకి సంతకు తెచ్చెడివారు. దానిని శుద్ధిచేసి, రాతిపొడియు మసియు కలిపి, వేడిమీద ఒత్తగా రికార్డు సిద్ధమగును. భారతకథలో లక్కయిల్లు మనుష్యులను దహించుటకు కట్టబడినది. ఈ లక్క పళ్లెము మనుష్యుని గొంతును కాపాడుటకు ఉపకరించినది. అడవి తన జిగురును ఇచ్చినది. ఆ జిగురుపై ఎక్కిన గొంతు ఎవరిది అను ప్రశ్నకు పిమ్మట వచ్చెదము.

ఈ ద్రవ్యమే రికార్డులకు శత్రువు కూడ నైనది. 1942లో యుద్ధకారణమున అమెరికా ప్రభుత్వము లక్క వాడకమును పరిమితము చేయగా, పాత రికార్డులను ప్రజలనుండి సేకరించి, పొడిచేసి, క్రొత్త పాటల కుపయోగించిరి. పాత తాళపత్రముపై నున్న కావ్యమును గీకివేసి జమాఖర్చులు వ్రాసినట్లే ఇదియు. క్రింద మాసిపోయినది ఏమో తెలియకుండగనే పైవ్రాత సాగిపోయినది.

రంగస్థల పద్యము

తెలుగువారి గ్రామఫోను చరిత్రలో పద్యనాటకమునకు పెద్దపీట కలదు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయములు, బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర మున్నగు నాటకముల పద్యములు రంగస్థలము మీదనే గాక రికార్డులయందును మారుమ్రోగినవి. కపిలవాయి రామనాథశాస్త్రి, పువ్వుల సూరిబాబు, అబ్బూరి వరప్రసాదరావు, స్థానం నరసింహారావు మొదలగువారి కంఠములు, నాటకశాల లేని గ్రామములకు సైతము, కీ యిచ్చిన పెట్టెలో ప్రయాణము చేసినవి. అక్షరము రానివారికిని ఆ పద్యములు నోటికి వచ్చుటకు ఈ పెట్టె ఒక ముఖ్యకారణము.

ఈ రికార్డులు మనకు తెలుపునది పుస్తకము తెలుపజాలనిది. ఉత్పలమాలకు పదవ అక్షరము, చంపకమాలకు పదునొకండవ అక్షరము యతిస్థానమని ఛందశ్శాస్త్రము చెప్పును. గాయకుడు అచ్చట ఆగునా, లేక అర్థము ముగిసిన చోట ఆగునా అను ప్రశ్నకు శాస్త్రము బదులు చెప్పదు. అచ్చులో నాలుగు పాదములు నాలుగు పంక్తులుగా కనబడును. పాడునపుడు ఒక పాదాంతము మరుపాదములోనికి ఒరసికొని పోవచ్చును. కర్త వ్రాసిన పదమును నటుడు తన నోటికి అనువుగా మార్చుకొని యుండవచ్చును. ఆ మార్పే ప్రజల నాలుకలపై నిలిచి, కర్త పాఠమును మరపింపజేయవచ్చును. దంత్య చకార జకారములు, శకార సకార భేదము, హ్రస్వదీర్ఘముల కొలత ఆనాటి శిష్టుల నోట ఎట్లుండెనో విని నిర్ణయించుటకు ఇంతకంటె ప్రత్యక్షమైన సాధనము లేదు. స్థానంవారి స్త్రీపాత్ర పోషణమును గూర్చి ఎన్నో ప్రశంసలు వ్రాయబడినవి. కాని పురుషకంఠము స్త్రీ పలుకుబడిని ఏ స్థాయిలో, ఏ నెమ్మదితో అందుకొన్నదో ప్రశంస చెప్పలేదు, ముద్రిక చెప్పును.

పద్యనాటకముపై సాహిత్యవిమర్శ మోపు నింద యొకటి కలదు: రాగము అర్థమును మింగివేసినదని. ఈ నిందను నిర్ధారించుటకు గాని ఖండించుటకు గాని పుస్తకమును తిరుగవేసి ప్రయోజనము లేదు. పద్యము ముగిసిన పిమ్మట రాగము ఎంతసేపు సాగినది, పద్యము నడుమ ఏ పదమును విరిచినది, ఆ విరుపు వలన అర్థము చెడినదా లేక తేజరిల్లినదా అని విని చూడవలెను. అట్లు విన్నపుడు ఒకే గాయకుడు ఒక పద్యమున అర్థమునకు దాసుడై, వేరొక పద్యమున రాగమునకు దాసుడగుటయు కనబడవచ్చును. విమర్శ ఒక్కొక్క పద్యమును పేర్కొని చేయవలసినదే గాని, సంప్రదాయము నంతటిని ఒక్క మాటలో కొట్టివేయుటగా నుండరాదు.

సాక్షి గుణదోషములు

అయినను రికార్డు నిష్పక్షపాతియైన సాక్షి యని నమ్మరాదు. పది అంగుళముల లక్క రికార్డు ఒక ముఖమున పట్టునది సుమారు మూడు నిమిషముల కాలము. రంగస్థలముపై ప్రేక్షకులు వన్స్ మోర్ అనగా మరల పాడు నటుడు, మూయబడిన గదిలో యంత్రము ముందు నిలుచుండి మూడు నిమిషములలో ముగింపవలసి వచ్చినది. కావున రికార్డులో రాగము కొంచెముగా నున్నదని రంగస్థలముపైనను కొంచెముగా నుండెనని తీర్మానించుట తప్పు. కాలపరిమితి సాహిత్యరూపమునే మార్చును. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల మరణించిన పిమ్మట విడుదలయిన ఆయన భగవద్గీత, శ్లోకమును దాని తెలుగు తాత్పర్యమును వెంట వెంట వినిపించుచు సాగునది. అట్టి దీర్ఘరచనకు దీర్ఘవాదన రికార్డు చోటిచ్చినది. మూడు నిమిషముల పళ్లెము దానిని ముక్కలు ముక్కలుగా మాత్రమే మోయగలిగెడిది.

ఈ లోపములు రికార్డును త్రోసిపుచ్చుటకు కారణములు కావు. అడ్డుప్రశ్నలు వేయుటకు కారణములు. అడ్డుప్రశ్న వేయవలెనన్న సాక్షి సజీవముగా నుండవలెను. నకలు చాలదనుట ఇందువలననే. దీనికి నిదర్శనములు మూడు చూపవచ్చును.

మొదటిది వేగము. తొలినాటి రికార్డులన్నియు నిమిషమునకు సరిగా 78 చుట్లు తిరుగుచు ముద్రింపబడినవి కావు. కొన్ని అంతకు తక్కువ, కొన్ని ఎక్కువ. నకలు తీయువాడు అన్నిటిని 78 చుట్లకే త్రిప్పినచో శ్రుతి మారును, గాయకుని గొంతు మారును, పాట నడక మారును. అట్టి నకలును నమ్మి ఒక గాయకుని శ్రుతిని నిర్ణయించు వ్యాసము పునాది లేని గోడ. మూలము చేతనున్నచో మరల త్రిప్పి కొలువవచ్చును.

రెండవది ముల్లు. లక్క రికార్డు గాడి వెడల్పైనది. దానికి సుమారు అంగుళములో వెయ్యింట మూడు వంతుల మొనగల ముల్లు కావలెను. దీర్ఘవాదన రికార్డు ముల్లు దానిలో మూడవ వంతు మాత్రమే. సన్నని ముల్లు వెడల్పు గాడిలో అడుగునకు దిగి అరుగుదలను, దుమ్మును వినిపించును గాని గొంతును సరిగా వినిపింపదు. ఒకనాడు చెడిన నకలు వచ్చినదని నిరాశ పడనక్కరలేదు. మరునాడు సరియైన ముల్లుతో మరల చదువవచ్చును. ఇంతేకాదు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలవారు ఈ శతాబ్దారంభమున, ముల్లు తాకింపకయే గాడిని ఛాయాచిత్రములుగా తీసి ధ్వనిని రాబట్టు పద్ధతిని కనుగొనిరి. దానితో విరిగిన రికార్డును సైతము చదువ వీలైనది. నిన్న పనికిరాదని పారవేసినది నేడు పనికివచ్చుచున్నది. కావున విరిగిన ముక్కనైనను పారవేయుటకు మన కధికారము లేదు.

మూడవది గద్య. మన కావ్యములలో ఆశ్వాసాంతమున గద్య యుండును. కవి యెవడు, ఎవరి పుత్రుడు, ఏ కృతి అని అది చెప్పును. గద్య లోపించిన ప్రతులను గూర్చి కర్తృత్వ వివాదము లెన్ని పుట్టినవో పరిశోధకు లెరుగుదురు. రికార్డుకు గద్య దాని నడుమనున్న చీటీ. దానికి చెంతనే పళ్లెముపై చెక్కబడిన మాతృకసంఖ్య. ఒకే పాటను గాయకుడు రెండు మారులు పాడగా, ఏ మారు పాడినది ఈ ప్రతికెక్కినదో తెలిసికొనుటకు ఆ చెక్కుడు గుర్తులే ఆధారము. నేడు చేతులు మారుచున్న నకళ్లలో అత్యధికము ఈ గద్యను పోగొట్టుకొన్నవే. గొంతు మిగిలినది, అది ఎవరిది, ఎప్పటిది, ఏ ముద్రణ అను ఆధారము తొలగినది.

కంపెనీల యొద్ద మాతృకలు భద్రముగా నుండునను భరోసాయు చెల్లదు. 2008 జూను 1న అమెరికాలో యూనివర్సల్ సంస్థ ఆవరణమున జరిగిన అగ్నిప్రమాదమున పెక్కు మూల ముద్రణములు నశించిన సంగతి 2019లో గాని లోకమునకు విశదము కాలేదు. మాతృక కాలిన చోట, ఎవరి యింటి అటకమీదనో యున్న వర్తకప్రతియే మూలస్థానము నాక్రమించును. నన్నయ చేతివ్రాత మనకు లేదు; ప్రతికి ప్రతి వ్రాసికొన్నవారి పుణ్యముననే భారతము నిలిచినది.

మన్యము

ఇంతవరకు చెప్పినది అచ్చు ఉన్న వాఙ్మయమును గూర్చి. రికార్డు నశించినను నాటకము పుస్తకముగా నైనను మిగులును. అచ్చు లేని చోట ఏమి మిగులును? ఈ ప్రశ్నకు అడ్డతీగల తగిన పరీక్షాస్థానము.

అడ్డతీగల పేరులోనే అడవి యున్నది. విస్తళ్లు కుట్టుకొను అడ్డాకు ఈ తీగదే. రంపచోడవరము, రాజవొమ్మంగి ప్రాంతములతో కలిసి ఇది పూర్వపు తూర్పుగోదావరి ఏజెన్సీలోనిది; 2022లో అల్లూరి సీతారామరాజు పేర జిల్లా ఏర్పడినపుడు దానిలో చేరినది. కొండరెడ్లు, కోయదొరలు మొదలగు జాతులు ఇచ్చటి నివాసులు. కొండరెడ్ల మాతృభాష తెలుగే. కావున వారి పాట మానవశాస్త్రజ్ఞులకు మాత్రమే విడువదగినది కాదు, తెలుగుశాఖ విషయము. మామిడి మొదలగువాని క్రొత్త పంట తినుటకు ముందు జరుపు పండుగలయందు, పెండ్లిండ్లయందు, పోడు పనులయందు వారు పాడుకొను పాటలు తెలుగు వాఙ్మయములోని భాగములే.

ఈ మన్యమును గూర్చి లోకము విన్నది ఎవరి గొంతున? 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడిచేసిన సీతారామరాజు దళము, అక్టోబరులో అడ్డతీగల ఠాణాకును వచ్చినది. ఆ వీరగాథ 1974లో చలనచిత్రమైనది. దానికి శ్రీశ్రీ రచించిన గీతము జాతీయ పురస్కారము నందినది. ఘంటసాల, రామకృష్ణ దానిని గానము చేసిరి. ఆ గీతము గొప్పదనుటకు సందేహము లేదు. కాని విమర్శకుడు గుర్తింపవలసినది వేరొకటి కలదు: కవి, సంగీతకర్త, గాయకులు అందరును మైదానమువారు. కొండ ఆ పాటకు విషయమైనది గాని కర్త కాలేదు. వర్తక రికార్డులలో మన్యపు గాయకుని గొంతు వినబడుట మిక్కిలి అరుదు. లక్కను గీకి తెచ్చిన అడవిబిడ్డల గొంతు లక్కపై నెక్కుట అట్లే అరుదైనది.

ఈ లోపమును వ్రాత పూరింపలేదా? జె. ఎ. బాయిల్ 1874లోనే తెలుగు జానపద గేయములను గూర్చి వ్రాసెను. నేదునూరి గంగాధరము గోదావరి సీమలో పాటలు సేకరించి ప్రకటించెను. బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపద గేయసాహిత్యము 1958లో వెలువడి ఈ అధ్యయనమునకు శాస్త్రగౌరవము తెచ్చినది. హైమండార్ఫ్ 1945లో బైసన్ కొండల రెడ్లను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. వీరి కృషి లేనిచో నేడు మాటలాడుటకు ఆధారమే యుండెడిది కాదు. అయినను వ్రాత పాటను పట్టునపుడు జారవిడుచునది కొంత కలదు. పల్లవిని మరల మరల వ్రాయుట విసుగని ఒక్కమారు వ్రాసి ఊరకుందురు. అర్థము లేనివని ఊతపదములను తొలగింతురు. ఒకరు పాడగా పదిమంది అందుకొనునపుడు ఒకరి మాటపై వేరొకరి మాట ఎక్కుటను పంక్తిలో చూపు ఉపాయము లేదు. కాని జానపద గేయమునకు ఆ పునరుక్తి, ఆ ఊతపదము, ఆ అందుకొనుటయే ప్రాణము. వానిని తీసివేసిన పాట ఎండిన ఆకువలె ఆకారమును చూపును గాని పచ్చదనమును చూపదు.

ఈ సందర్భమున మన కొక విలువైన ఉదాహరణము కలదు. గ్రియర్సను పర్యవేక్షణమున సాగిన భారతదేశ భాషాసర్వే యొక్క ప్రధాన సంపుటములు మద్రాసు రాజధానిని తమ పరిధిలో చేర్చుకొనలేదు. కాని దానికి అనుబంధముగా తీసిన గ్రామఫోను ముద్రికలలో మద్రాసు రాజధాని భాషలును చేరినవి. తెలుగు వంటి పెద్ద భాషలతోపాటు కొండజాతుల భాషలకును చోటు లభించినది. ఆ ముద్రికల పాఠములను మద్రాసు ప్రభుత్వ మ్యూజియము 1927లో పుస్తకముగా ప్రకటించినది. సర్వే ముద్రికలను షికాగో విశ్వవిద్యాలయమువారు నేడు అందరును వినుటకు వీలుగా నుంచిరి. దాదాపు నూరేండ్ల నాటి పలుకు నేటికిని చెవిని పడుచున్నదన్న, ఎవరో ఆ పళ్లెములను బరువనుకొనక దాచుట చేతనే.

ఈ ముద్రికలను కూడ విమర్శదృష్టితో వినవలెను. భాషలను పోల్చుటకై అన్నింటను ఒకే కథ చెప్పించిరి. అది బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథ. దానితోపాటు కొన్నింట స్థానికమైన కథయో పాటయో చేర్చిరి. మొదటి దానిలో మాటలు పరాయివి, ఊపిరి మాత్రమే వక్తది. రెండవదానిలో రెండును అతనివే. ఈ భేదమును గుర్తింపక రెండింటిని ఒకే కొలతతో కొలిచినచో, అనువదించి అప్పగించిన వాక్యక్రమమును ఆ భాషకు సహజమైన వాక్యక్రమమని పొరబడుదుము. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాషావ్యాకరణమును 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోను ప్రకటించుటకు పూర్వము ఏండ్ల తరబడి సవరల నోటి పలుకునే వినిరి. వినుట ముందు, వ్రాయుట వెనుక అనునది ఆయన శ్రమ నేర్పు పాఠము.

కర్తవ్యము

పై విచారణ వలన కొన్ని కర్తవ్యములు తేలుచున్నవి. తెలుగుశాఖలు పాత రికార్డులను గ్రంథాలయపు అలంకారములుగా గాక, ప్రతులుగా స్వీకరించి, వ్రాతప్రతులవలె వివరణపట్టికలు సిద్ధపరుపవలెను. చీటీపై నున్న ప్రతి అక్షరమును, మాతృకసంఖ్యను, పళ్లెము స్థితిని, ఎవరి యింటినుండి వచ్చినదో ఆ వివరమును నమోదు చేయవలెను. నకలు తీసినపుడు ఏ వేగముతో, ఏ ముల్లుతో తీసినదియు చెప్పవలెను. లక్క రికార్డు పడిన పగులును. వినైలు రికార్డు ఎండకు వంకర పోవును. రెండింటిని పేర్చి పడవేయక నిలువుగా, చల్లని చోట నుంచవలెను. లక్క సారాయిలో కరగును గనుక ఆ ద్రవముతో లక్క రికార్డును తుడువరాదు. ఇవి చిన్న సంగతులే గాని, తాళపత్రమునకు పసుపు పూసినవారు చిన్న సంగతులను చిన్నవిగా చూడలేదు.

మన్యము విషయమున బాధ్యత మరింత పెద్దది. పళ్లెములపై నెక్కని పాటలలో కొన్నియైనను కేసెట్ల కాలమున అయస్కాంతపు టేపులపై నెక్కియుండును. టేపు పళ్లెము కంటె బలహీనము. పూత రాలిన పిమ్మట దానిని చదువు ఉపాయము లేదు. కావున పళ్లెమును గూర్చి చెప్పిన నియమములు టేపునకు మరింత తొందరగా వర్తించును. ఇప్పుడు క్రొత్తగా ముద్రించువారు పాడినవారి పేరును, ఊరును, సందర్భమును వారి అనుమతితో గద్యవలె చేర్చవలెను. ప్రతి నొకదానిని పాడినవారికే తిరిగి యీయవలెను. అడ్డతీగలలో పాడిన పాట నగరమందలి బీరువాలో మాత్రమే వినబడుచున్నచో, అడవి జిగురును కొనిపోయి అడవికి పాటను మరల చేర్చని పాత వర్తకమునే మనమును సాగించినవార మగుదుము.

రికార్డును దాచుట గతమును పూజించుట కాదు. రేపటి పరిశోధకుడు మన తీర్పును త్రోసివేయుటకు అవసరమైన ఆధారమును అతనికి మిగుల్చుట. మన పూర్వులు మనకు తాళపత్రములను మిగుల్చుట చేతనే మనము వారి పాఠములను దిద్దగలుగుచున్నాము. ఆ న్యాయమునే కంఠమునకును వర్తింపజేయుట సమంజసమో కాదో విజ్ఞులు విచారింతురు గాక.